ఉద్దండవర్మ గారి అసూయ, అమావాస్య ఎన్నిక

మునుపెప్పుడో పాలకోన రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు సకల భోగాలూ ఉన్నాయి, ఒక్క మనశ్శాంతి తప్ప. దానికి కారణం ఆస్థానంలో తెలివికి పేరుపడ్డ ఓబన్న.

బజారులో జనం ముందుగా ఓబన్నకు దండం పెట్టి, ఆనక రాజుగారికి పెట్టేవారు. అది చూసినప్పుడల్లా రాజుగారు అసూయతో రగిలిపోయేవాడు.

ఇంతలో పురపెద్దను ఎన్నుకునే ఏడు వచ్చింది. పోటీదారు పేరు రాసిన కుండలో తలకొక చింతగింజ వేయడం అక్కడి పద్ధతి. నేతగాళ్ళు, కమ్మర్లు, కుమ్మర్లు అందరూ కలిసి ఓబన్నను నిలబెట్టారు. రాజుగారు పట్టుబట్టి తన బావమరిది శూరపాలుణ్ణి పోటీకి దింపాడు.

"ఎన్నిక బుధవారం!" అన్నాడు రాజు.

"అమావాస్య నాడు పెట్టించండి ప్రభూ. ఆ రోజు మగ్గం ఆడదు, కొలిమి రాజదు, నాగలి కట్టరు. అందరికీ తీరిక," అన్నాడు ఓబన్న.

"అమావాస్య నాడు శుభకార్యమా? ఇష్టమున్నవాడు పని మానుకుని వస్తాడు. రానివాడు సోమరి!"

కూలిజనం రాకపోతే ఓబన్న ఓడతాడని రాజుగారు లోలోపల మురిసిపోయాడు.

"చిత్తం. మరి కోటలో పనిచేసేవాళ్ళ సంగతి?"

"నా కోటలో సోమరులు లేరు! ఒక్కరూ తప్పకుండా వస్తారు."

"అయితే తమరి మాటగా అదే చాటింపు వేయిస్తాను," అని ఓబన్న వినయంగా తలవంచాడు.

బుధవారం పొద్దున క్షురకుడు రాజుగారి మీసం ఒక పక్క కత్తిరించాడో లేదో, ఎన్నిక డప్పు మోగింది. చప్పున కత్తెర కింద పెట్టేశాడు.

"సోమరినని అనిపించుకోలేను ప్రభూ!" అని ఒకటే పరుగు.

వంటశాలలో పొయ్యి వెలగలేదు. పల్లకీ ఉంది, బోయీలు లేరు. ఆకలితో, ఒంటి మీసంతో రాజుగారు మైదానానికి నడిచి వెళ్ళాడు. అక్కడ ఓబన్నా, కోట నౌకర్లూ, శూరపాలుడి వెంట తిరిగే పనీపాటా లేనివాళ్ళూ తప్ప ఎవరూ లేరు.

"పని రోజున నా నౌకర్లందరూ ఇలా వచ్చేస్తే నా గతేమిటయ్యా?" అని అరిచాడు రాజు.

"ఒక్క పూట వంటవాడు రాకపోతే తమరు పస్తున్నారు ప్రభూ. ఒక్క పూట మగ్గం ఆగితే నేతగాడి ఇంట్లో పిల్లలదీ అదే గతి. వాళ్ళు సోమరులు కారు," అన్నాడు ఓబన్న.

చేసింది తప్పని రాజుగారికి తెలుసు. అది ఓబన్న నోట వినవలసి రావడమే మింగుడుపడలేదు.

"ఈ ఎన్నిక చెల్లదు. అమావాస్య నాడే జరిపించండి," అన్నాడు చివరికి. అయినా మనసు ఊరుకోక ఓబన్నను పక్కకు లాగి, "నిజం చెప్పు, నా నౌకర్లయినా మా బావమరిది కుండలో వేశారా?" అని గుసగుసగా అడిగాడు.

"ఆ సంగతి తేల్చకండి ప్రభూ. రాత్రికి తమరికి వండిపెట్టేది వాళ్ళే!"

రాజుగారు ముందు గుర్రుగా చూసి, ఆపైన పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే తన కెంపుటుంగరం తీసి ఓబన్న వేలికి తొడిగాడు. అది తన వేలికన్నా వాడి వేలికే అందంగా ఉందని కోటకు వెళ్ళేదాకా కుళ్ళుకున్నాడు.