మాణిక్యానికి కొండ చూపించిన కథ

మొగలిలంకలో తెలివంటే బుల్లెబ్బాయి ఇంటివాళ్ళదే. ఆ మాట ఊళ్ళో ఇంకెవరూ అనకపోవడంతో వాళ్ళే అనుకునేవాళ్ళు, రోజూ అన్నాలయ్యాక, మరిచిపోకుండా. వానకి గొడుగు తడిసి పాడైపోతుందని దాన్ని చొక్కా లోపల దాచుకుని, తాను ముద్దగా తడిసి ఇంటికొచ్చిన మహానుభావుడు బుల్లెబ్బాయి తండ్రి. తండ్రికి తగ్గ కొడుకు బుల్లెబ్బాయి. అన్నకి తగ్గ తమ్ముడు తాతబ్బాయి. వీళ్ళిద్దర్నీ కన్న అప్పాయమ్మ అయితే, "నా కడుపున మట్టిబుర్ర ఒక్కటీ పుట్టలేదే" అని పక్కింటి గేదెకి కూడా చెప్పేది. గేదె తలూపేది. దాంతో గేదెకి కూడా కాస్త తెలివుందని అప్పాయమ్మ ఒప్పుకునేది.

అంత తెలివిలోనూ బుల్లెబ్బాయి గుండెలో ఒక ముల్లు ఉండిపోయింది. పెళ్ళినాడు తలంబ్రాలు పోసిన హుషారులో, "నీకేం కావాలో అడుగు" అన్నాడు పెళ్ళికూతురు మాణిక్యంతో. ఇంకో పిల్లయితే గొలుసో గాజులో అడుగును. మాణిక్యం తల వంచుకుని, "కొండ చూపించండి" అంది. పాపం, ఆవిడ పుట్టిందీ లంకలోనే, మెట్టిందీ లంకలోనే. ఎటు చూసినా గోదారి, వరిచేలు, కొబ్బరితోటలు. గడ్డిమేటు కంటే పెద్ద గుట్టని ఆవిడ కళ్ళతో చూసి ఎరగదు. బుల్లెబ్బాయి సరేనన్నాడు. ఆ సరే అనడం అనడమే, జుట్టు నెరిసినా కదల్లేదు.

మాణిక్యం పోట్లాడే మనిషి కాదు. ఏటా కోతలయ్యాక ఒక్కసారి, "ఏవండీ, కొండ?" అనేది. "చూద్దాంలే" అనేవాడు. ఈ ఏడు కోతలయ్యాయి, కుప్పనూర్పిళ్ళయ్యాయి. ఆవిడ వడ్డిస్తూ, "కొండ మాట ఇంక నేనెత్తనులెండి" అని నవ్వేసింది. ఇంకేముంది, బుల్లెబ్బాయికి ముద్ద దిగలేదు. అడిగినన్నాళ్ళూ బాకీ ఉన్నట్టు. అడగడం మానేస్తే మాట పోయినట్టు. కంచం ముందు నించి లేచి, చెయ్యి కూడా కడక్కుండా, కొబ్బరికాయల షావుకారు గవర్రాజు ఇంటికి పరిగెత్తాడు.

గవర్రాజు ఉత్తరాదికి కాయలు ఎగుమతి చేసే మనిషి. ఆ దేశాలన్నీ తిరిగినవాడు.

"ఉత్తరాన మన్యం దాటాక ఓ రైలుందిరా బుల్లెబ్బాయ్" అన్నాడాయన. "ఊళ్ళు కూడా ఉండవక్కడ. అన్నీ కొండలూ లోయలే. ఆ మధ్యనించి మెలికలు తిరుగుతా ఎక్కుద్ది. చూసి తీరాలి. అయితే బరువు పెట్టెలేసుకుని బయల్దేరకండి. చలి జాగర్త, ఎముకలు కొరికేస్తాది. అన్నిటికన్నా ముఖ్యం కిటికీ. ఆ దార్లో కిటికీ లేనోడి ప్రయాణం వట్టి దండగ."

"ఆయ్, బాగా సెప్పేరండి" అని బుల్లెబ్బాయి ఆ మాటల్ని దారంతా పైకి వల్లిస్తూ ఇంటికొచ్చాడు. వెంటనే ఇంట్లో ఉన్న నలుగురూ అరుగు మీద సభ పెట్టారు.

ముందు బరువు సంగతి. మాణిక్యం ఇనప్పెట్టె సర్ది తెచ్చింది. తాతబ్బాయి ఎత్తి చూసి, "బరువే వదినా" అన్నాడు. రెండు చీరలు తీసింది. "ఇంకా బరువే." దుప్పటి తీసింది, అద్దం తీసింది, అప్పాయమ్మ తమలపాకుల సంచి తీసింది. ఆఖరికి పెట్టెలో అడుగున పరిచిన పాత కాయితం ముక్క మిగిలింది. అదీ తీసేశారు.

"ఇప్పుడు సూడు! సిటికినేలు మీద లేత్తంది!" అన్నాడు తాతబ్బాయి.

"మరి మన బట్టలు?" అంది మాణిక్యం.

"ఇంట్లోనే ఉంటాయి. ప్రయాణంలో నలగవు కూడా" అని, బుల్లెబ్బాయి ఖాళీ పెట్టెకి పెద్ద తాళం వేశాడు. దొంగలెత్తుకుపోతే కష్టం కదా.

తర్వాత చలి. ఇది అప్పాయమ్మ తన నెత్తిన వేసుకుంది.

"కొరికేదాన్ని ఎలా మాన్పించాలో నాకు తెలీదేంట్రా? మీ ఇద్దరికీ పాలు మాన్పించింది ఎవరు? వేపాకు రాశాను, తూ అని ఊసి పోయారు. చలి మీకంటే మొండిదా?"

అంతే. వేపచెట్టు సగం బోడి అయిపోయింది. రోలు నిండా వేపాకు నూరి, మోకాళ్ళకీ మోచేతులకీ, మెడకీ, ముక్కుకీ దట్టంగా పట్టించింది. ముక్కులో ఎముకుంటుందా ఉండదా అని కాసేపు వాదన జరిగింది గానీ, చలికి మాత్రం ఏం తెలుసు, ఎందుకైనా మంచిదని రాసేశారు. పచ్చిముద్ద ఆరి పిడకలా అట్ట కట్టింది. నలుగురూ అప్పుడే చిగిర్చినట్టు తయారయ్యారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. తాతబ్బాయి గునపం తెచ్చాడు. దొంగలు దూరకుండా లోపల గడియ పెట్టి మరీ, పడకగది కిటికీని చట్రంతో సహా గోడలోంచి ఊడబెరికాడు. గోడలో పెద్ద కంత పడింది. అందులోంచి పక్కింటి గేదె తల పెట్టి లోపలికి చూసింది.

"చూశావా, ఇల్లు కనిపెట్టుకుని ఉంటుందంట" అని అప్పాయమ్మ మురిసిపోయింది.

ఇంకేముంది, ఖాళీ పెట్టె మాణిక్యం చంకలో, కిటికీ తాతబ్బాయి నెత్తిన. గోదారి దాటి, బస్సెక్కి, ఒక రైలు మారి, ఎలాగోలా ఉత్తరాన కొండల రైలు పట్టుకున్నారు. రైలు పెట్టె కిటకిటలాడుతోంది. ఈ పచ్చటి నలుగురూ లోపలికి అడుగు పెట్టారో లేదో, జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒంటినిండా వేపాకు ఎప్పుడు రాస్తారో మన దేశంలో ఎవరికి తెలీదు?

"అమ్మవారు పోసినట్టుంది. అదీ ఇంటిల్లిపాదికీ!" అన్నారెవరో.

అంతే. ఆ కొసనుంచి ఈ కొసకి బెంచీలన్నీ ఖాళీ. పక్క పెట్టెలో తొక్కిసలాట.

"ఉత్తరాదోళ్ళు ఎంత మర్యాదస్తులో చూడండర్రా, మనల్ని చూసి లేచి నిలబడ్డారు" అంది అప్పాయమ్మ, కాళ్ళు చాపుకుని.

మాణిక్యానికి మంచి కిటికీ పక్కనే చోటు దొరికింది. దానికి తాతబ్బాయి తాను తెచ్చిన కిటికీ అడ్డంగా ఆనించాడు. దూరం నుంచి ముక్కుకి రుమాలు కట్టుకుని టిక్కెట్ల ఉద్యోగి అడిగాడు.

"ఏవయ్యా, ఆ కిటికీ ఏంటి?"

"మా ఇంటిదేనండి, ఆయ్. రైలుది కాదండి."

"పక్కనే కిటికీ ఉందిగా?"

"అది మీదండి. సగం దారిలో మీరు తిరిగి ఇచ్చెయ్యమంటే మేమేం కాను?" అన్నాడు బుల్లెబ్బాయి.

ఆ ఉద్యోగి రుమాలు బిగించుకుని వెళ్ళిపోయాడు. ఆ వేళ మళ్ళీ ఆ పెట్టెలోకి రాలేదు.

రైలు కదిలింది. కొండలెక్కడం మొదలెట్టింది. పక్క పెట్టెలో కేకలు, "అదిగో లోయ!", "అదిగో జలపాతం!" అని. మనవాళ్ళు నలుగురూ వరసగా కూర్చుని మూసిన కిటికీ రెక్కల్ని రెప్ప వేయకుండా చూస్తున్నారు. కిటికీని తిరగేసి పెట్టాడు కదా తాతబ్బాయి, గడియ అటుపక్కకి పోయింది.

"ఏవండీ, కొండ అచ్చం చెక్కలా ఉందండీ" అంది మాణిక్యం నెమ్మదిగా.

"మంచి చెక్కే. మా నాన్న మద్ది మాను కోయించి చేయించాడు" అన్నాడు బుల్లెబ్బాయి. అన్నాడే గానీ, భార్య మొహం చూస్తే మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళు ఆశపడి ఇంత దూరం వచ్చింది చెక్క చూడ్డానికా?

తలుపు దగ్గర బుట్ట పెట్టుకున్న పనసతొనల అవ్వ ఇదంతా చూస్తోంది. ఆవిడకి అమ్మవారంటే భయం లేనట్టుంది. "కిటికీ తిప్పి పెట్టుకోరాదేటి బాబూ?" అంది.

"తిప్పితే లోపలున్నోళ్ళం బయటికి పడమా అవ్వా? నడిచే రైలు!" అన్నాడు తాతబ్బాయి, ఆవిడ అమాయకత్వానికి జాలిపడి.

అందుకని తరవాతి స్టేషన్లో రైలు ఆగగానే తాతబ్బాయి కిందికి దూకాడు. ఊచల్లోంచి చెయ్యి పెట్టి గడియ లాగాడు. రెక్కలు రెండూ ధడాల్న అప్పాయమ్మ ముక్కు మీదికి తెరుచుకున్నాయి. ఆవిడ కెవ్వుమంది. అదే సమయానికి మాణిక్యం కూడా కెవ్వుమంది గానీ, అది నొప్పికి కాదు.

ఎదురుగా, లోయలో పొలాలకి అవతల, కొండ!

లేత నీలంగా, నున్నగా, పొద్దున్నే తీసిన వెన్నముద్దలా ఉంది. మాణిక్యం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇంత నున్నగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదండీ" అంది. బుల్లెబ్బాయి గుండెలో ముల్లు అక్కడికక్కడ ఊడిపోయింది. తాతబ్బాయి వచ్చి ఎక్కాడు. రైలు కొండవైపు సాగింది.

సాగేకొద్దీ కొండ పెద్దదయింది. పెద్దదయ్యేకొద్దీ దాని మీద తుప్పలు కనపడ్డాయి. తర్వాత ముళ్ళకంపలు. తర్వాత ఇంతింత బండరాళ్ళు, వాటి సందుల్లో మేకలు. మాణిక్యం మొహం చిన్నబోయింది.

"ఏవండీ, ఇందాకటి కొండ కాదిది. నాకు ఆ నున్నటిదే కావాలి."

"దూరపు కొండలు నునుపు కదేటమ్మా. దగ్గరకెళ్తే అన్నీ ఇంతే" అంది పనసతొనల అవ్వ.

బుల్లెబ్బాయి నుదురు కొట్టుకున్నాడు. "ఆరి నా తెలివి తగలెయ్యా! దూరం పోతే నునుపు, దగ్గరకొస్తే గరుకు. మరి మనమేంటి, డబ్బులిచ్చి మరీ గరుక్కేసి పోతన్నాం? దిగండి, దిగండర్రా!"

ఇంకేముంది, పెట్టె, కిటికీ, మనుషులు, అన్నీ తర్వాత వచ్చిన స్టేషన్లో కిందికి. ఎదురొచ్చిన రైలెక్కి వెనక్కి తిరిగారు. కొండల అందాలన్నీ ముందున్నాయని ఎవరో చెప్పబోతే, "మాకన్నీ తెలుసండి" అని నోరు నొక్కేశారు.

కొండలు దిగిన మొదటి స్టేషన్లో మాణిక్యాన్ని నిలబెట్టి, "ఎలా ఉంది?" అని అడిగాడు బుల్లెబ్బాయి.

"రాళ్ళు పోయాయండి. తుప్పలు కాస్త మసగ్గా ఉన్నాయి."

"అంతే! దూరం చాల్లేదు, ఎక్కు!"

ఇంకాస్త వెనక్కొచ్చి అడిగాడు. "తుప్పలు కూడా పోయాయండి. నీలంగా ఉంది."

"ఇందాకటంత నునుపేనా?"

"అంతకంటే నునుపండి!"

అక్కడ ఆగిపోయి హాయిగా చూసుకుంటే కథ కంచికి పోయేది. కానీ తెలివైనవాళ్ళు సగం పనితో సరిపెట్టుకోరు కదా. ఇక్కడే ఇంత నునుపైతే ఇంకా వెనక్కి పోతే ఇంకెంత నునుపో అన్నాడు తాతబ్బాయి. ఆ మాట అందరికీ నచ్చింది. అలా ఒక్కో స్టేషనూ వెనక్కి, వెనక్కి. కొండ నీలం కాస్తా బూడిద రంగయింది, బూడిద రంగు కాస్తా పొగలా అయింది. మాణిక్యం ప్రతి చోటా "ఇంకా నునుపండీ!" అని చప్పట్లు కొడుతూనే ఉంది. చివరికి బస్సు దిగి, గోదారి దాటి, మొగలిలంకలో సొంత పెరట్లో తేలారు.

తెల్లారి పొద్దు పొడిచింది. బుల్లెబ్బాయి భార్య భుజాలు పట్టుకుని ఉత్తరానికి తిప్పి నిలబెట్టాడు.

"ఇప్పుడెలా ఉంది కొండ?"

మాణిక్యం చూసింది. కళ్ళు చిట్లించి చూసింది. మునివేళ్ళ మీద లేచి చూసింది.

"ఏవండీ... అసలేమీ కనపట్టం లేదండీ" అంది.

బుల్లెబ్బాయి తనూ మునివేళ్ళ మీద లేచి చూశాడు. ఇన్నేళ్ళకి మాట నిలబెట్టుకున్నాననుకుంటే ఇదా? అంతలోనే బుర్ర వెలిగింది.

"పిచ్చిదానా! అద్దం శుభ్రంగా తుడిస్తే అద్దం కనపడుద్దా? వెనకాల ఉన్నదే కదా కనపడేది! కొండ అంత నునుపైపోయింది. చూపు కూడా జారిపోతంది. కావలిస్తే చెయ్యేసి నిమిరి చూడు."

మాణిక్యం భయం భయంగా ఉత్తరం వైపు చెయ్యి చాపి, గాలిలో అటూ ఇటూ నిమిరింది. మొహం విచ్చుకుంది.

"ఒక్క రాయి తగల్లేదండీ! ముల్లు గుచ్చుకోలేదండీ! ఎంత నునుపో!"

అప్పాయమ్మ నిమిరింది. తాతబ్బాయి రెండు చేతులతో నిమిరాడు. ఊళ్ళో ఇంతమంది ఉండి, ఇన్నాళ్ళూ పెరట్లోంచి ఇంత మంచి కొండని ఒక్కళ్ళూ చూడలేకపోయారే అని నలుగురూ జాలిపడ్డారు.

"ఉండండి, ఇంకొక్క అడుగు వెనక్కేసి చూత్తాను" అన్నాడు బుల్లెబ్బాయి.

వెనక కాలవ. అంతే. దభీమని పడ్డాడు. మునిగి, తేలి, జుట్టులోంచి గుర్రపుడెక్క ఆకు తీసేసుకుని, ఉత్తరం వైపు చూసి గావుకేక పెట్టాడు.

"మాణిక్యం! ఇక్కణ్ణించి ఇంకా నునుపే! రా, తొందరగా రా!"

"వత్తన్నానండీ!" అని మాణిక్యం దూకింది. వెనకే తాతబ్బాయి. "అడ్డు లేవండర్రా, ఈ వయసులో నేనింకెప్పుడు చూస్తాను" అని అప్పాయమ్మ కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని దూకేసింది.

అదే వేళకి కాలవ మీద పడవ వేసుకుని ఎవరో ఆసామి వెళుతున్నాడు. పీకల్లోతు నీళ్ళలో వరసగా నాలుగు తలకాయలు, అన్నీ ఉత్తరానికే తిరిగి ఉన్నాయి. అతను బిత్తరపోయి పడవ ఆపి, గెడ చాపి, "పట్టుకోండి, పట్టుకోండి! మునిగిపోతారు!" అని అరిచాడు.

మాణిక్యం గెడ పక్కకి నెట్టి, మర్యాదగా చెప్పింది.

"కాస్త అవతలికి జరుగు అన్నయ్యా, కొండకి అడ్డొచ్చావు."