ఉపశ్రవ మహర్షి అగ్నిసమారోపణం

పూర్వం వింధ్యాద్రికి దక్షిణాన, నీటిచుక్క ఎరుగని మెట్టభూమికి నదిని రప్పిస్తానని సంకల్పించి, తపోధనుడైన ఉపశ్రవ మహర్షి జలసత్రమనే యాగాన్ని ఆరంభించాడు. ఆయన మాట నమ్మి ఋత్విజులెందరో గురుకులాలు విడిచి ఆలుబిడ్డలతో తరలివచ్చారు. ధర్మవత్సలుడైన చిత్రవర్మ మహారాజు బండ్లకెత్తి నెయ్యి పంపాడు.

నది రాలేదు. ఏళ్ళు గడిచేసరికి రాజు మనసు వేరొక యాగంమీదికి మళ్ళి, నెయ్యి ఆగిపోయింది. ఆ సంగతి పైకి చెప్పక, "రేపోమాపో బండ్లు వస్తాయి నాయనా" అని అందరినీ ఊరడిస్తూ, సమిధలు చాలక పర్ణశాల వాసాలు ఊడబీకి వేల్చి, చివరికి విత్తనాలకని దాచిన ధాన్యం తెమ్మన్నాడు మహర్షి. అంతటి జ్ఞాని పంతం పడితే ఇక చెప్పేదేముంది!

ఆయన ధర్మపత్ని, సాధ్వి సుమేధ, ధాన్యపు కుండను గుండెకు హత్తుకుని అడ్డంగా నిలిచింది.

"నాథా, ఇవీ వేల్చేస్తే మనల్ని నమ్మి వచ్చినవాళ్ళ పిల్లలు ఏం తింటారు?"

"అగ్నిని ఆర్పిన పాపం నన్ను మూటగట్టుకోమంటావా?" అని కసిరాడాయన.

అంతట హవ్యవాహనుడైన అగ్నిదేవుడు హోమగుండం నుండి వెలువడి, "మహర్షీ, ఆర్పమన్నదెవరు? తరలిపోయేవేళ నన్ను, మథించి నిప్పు పుట్టించే అరణికొయ్యలోకి ఎక్కించుకుని వెంట తీసుకుపోవడానికి సమారోపణ మంత్రం ఉన్నది కదా! నీ గురువు ఆ పాఠం చెప్పినప్పుడు నీవెక్కడున్నావు?" అని అడిగాడు.

మహర్షి తల వంచుకున్నాడు. యాగం మధ్యలో విడిచిపోయే గతి తనబోటివాడికి పట్టదనుకుని ఆనాడు ఆ పాఠానికి వెళ్ళనేలేదు. సుమేధ నవ్వు ఆపుకుంది.

మహర్షి చేతులు జోడించి, "స్వామీ, కొంతకాలంగా నేను వేల్చింది నదికోసం కాదు. ఓడిపోయాడంటారన్న భయంతో వేల్చాను" అని కన్నీరు పెట్టుకుని, ఋత్విజులను పిలిచి ఉన్నదంతా చెప్పాడు.

వారిలో పెద్దవాడైన ఆరుణాయనుడు, "మహాత్మా, బండ్లు రావని మాకెప్పుడో తెలుసు. మాతో ఒక్కమాట అనలేకపోయారే అన్నదే మా బాధ" అన్నాడు. మహర్షి ఆయన రెండు చేతులూ పట్టుకుని క్షమాపణ కోరాడు.

పిమ్మట అగ్నిదేవుడే మంత్రం ఉపదేశించగా, ఉపశ్రవుడు ప్రతి ఋత్విజుని అరణులనూ ఆ నిప్పుమీద వెచ్చజేసి ఇచ్చి, విత్తనాలు పంచి, నదికోసం వెతికిన ఏళ్ళలో ఏ లోయలో నీరు పైపైనే ఉన్నదో తాను కనిపెట్టినదంతా విప్పి చెప్పాడు.

"వరం కోరుకో" అన్నాడు పావకుడు.

"వీరెక్కడ కాపురం పెట్టినా తొలి మథనంలోనే నిప్పు పుట్టాలి, తొలి తవ్వులోనే నీరు పడాలి."

"తథాస్తు. మరి నీకో?"

"నాకా స్వామీ? కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోవాలని ఉన్నది."

సర్వభక్షకుడు పకపక నవ్వి, సుమేధ పొయ్యిలోకి దిగి అన్నం ఉడికించాడు. ఋత్విజులు చేరిన లోయలన్నిటా బావులు ఊరాయి, పైరులు పండాయి, దేవతలకు హవిస్సులు అందాయి. ఉపశ్రవుడు మాత్రం ఆ పూట, కూలిన పర్ణశాల నీడన, పసిబిడ్డలా ఆదమరచి నిద్రపోయాడు.