మూకుడు అన్నం

“మందు మంచిదే, రోగం తగ్గలేదు. తప్పు ఎవరిదమ్మా?” అని గురువు పీరమ్మను అడిగింది నాగరత్న.

పీరమ్మ పేరున్న నాటువైద్యురాలు. అడిగినదానికి అడిగినచోటే బదులివ్వడం ఆమె అలవాటు కాదు. చెప్పులు తొడుక్కుని, “పద, సాయమ్మ ఇంటికి” అంది.

సాయమ్మ నాగరత్న చేతికి వచ్చిన మొదటి రోగి. రెండో కాన్పు తర్వాత దువ్వెన పెడితే చాలు, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వస్తోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒంట్లో రక్తం లేదని గ్రహించి, వారం వారం మేక కార్జం తినమంది నాగరత్న. మూడు నెలలైంది. పాపిడి వెడల్పయిందే గాని జుట్టు నిలవలేదు. కొండకు తీసుకుపోయి గుండు చేయించేస్తానని అత్త తేల్చి చెప్పింది. అదే జరిగితే ఇక జన్మలో ఎవరి నాడీ పట్టనని నాగరత్న పంతం.

ఆదివారం మధ్యాహ్నం. ఇల్లంతా మిరియాల కార్జం వేపుడు ఘుమఘుమ. సాయమ్మే వండింది, సాయమ్మే వడ్డించింది. మామకు మెత్తటి ముక్కలు, మొగుడికి గరిటెడు, మరిదికి అడిగినంత. అతిథి కదా, పీరమ్మ కంచంలోనూ నాలుగు ముక్కలు పడ్డాయి.

“ఒక్క వారం తప్పలేదు వదినా! వైద్యమంటే మాకు అంత గురి” అంది అత్త. అబద్ధం కాదు. ఆమె కొప్పు నిమ్మకాయంత ఉంది.

మగవాళ్లు చేతులు కడుక్కున్నాక, సాయమ్మ పొయ్యి పక్కన చతికిలబడి, అడుగున అంటిన మసాలా గీకి మూకుట్లోనే అన్నం కలుపుకుంది. ఆ ఇంట్లో వండిన ఆడదానికి మూకుడే కంచం.

“మందు బాగానే పనిచేస్తోందే నాగరత్నా, మామగారి మీసం చూడు” అంటూ పీరమ్మ ముట్టని కంచంతో లేచింది. “అమ్మాయ్, ఇది నువ్వు తిను. ఆ మూకుడు ఇటియ్యి.”

“అయ్యయ్యో, పెద్దదానివి, మాడు తింటావా!” అంది అత్త.

“రోగి మూడు నెలలుగా ఏం తిన్నదో నేనూ చూడాలిగా.”

సాయమ్మ అత్త వైపు చూసింది. అత్త మాత్రం మూకుడినే చూస్తూ ఉండిపోయింది, ముప్ఫయ్యేళ్లు తాను తిన్న కంచాన్ని చూసినట్టు. చివరికి “తిను” అంది. గుండు మాట మళ్లీ ఎత్తలేదు.

తిరుగుదారిలో నాగరత్న భగ్గుమంది. “దానికి నోరు లేదా అమ్మా? నా వాటా నాకేదని అడగొద్దూ?”

పీరమ్మ ఆగి, శిష్యురాలి సన్నటి జడకేసి ఒకసారి చూసింది.

“మీ ఇంట్లో మూకుడు ఎవరిదే?”