పల్లపు ఇంటి పొడి నేల

కొత్త ఊళ్లో ఇల్లు వెతికేటప్పుడు గోడల సున్నం చూసి మురిసిపోతావే గాని, వంగి నేల తడిమావా ఎప్పుడైనా?

నేతపని చేసే నాంచారి తడిమింది. పొట్ట చేతబట్టుకుని పిల్లలతో వలస వచ్చింది. నెత్తిన మబ్బులు కమ్ముతున్నాయి. ఊరిపెద్ద భూపతి పల్లంలోని ఇల్లు చూపి, "ఇందులో చెమ్మ అన్నదే చేరదు" అని పదిమందిలో ఒట్టేశాడు. ఆమె అరచేతికి అప్పుడే చెమ్మ తగిలింది. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో నీరూరితే ఇక బతుకుతెరువు లేదు.

"ఇంత పొడి ఇల్లు మాకెందుకు దొరా? మీ విత్తనాలు ఇక్కడ దాచుకోండి. మెట్టమీది విత్తనాల కొట్టులో మేం తలదాచుకుంటాం."

జనం భూపతి మొహం చూశారు. కాదంటే ఒట్టు అబద్ధమని తేలిపోతుంది. సరేనని విత్తనాల బస్తాలు పల్లపు ఇంట్లోకి దింపించాడు.

వానలు పట్టాయి. విత్తనాలు బస్తాల్లోనే మొలకెత్తి కుళ్లాయి. ఆ ఏడు ఊరంతా పచ్చబడినా భూపతి పొలం బీడుగానే మిగిలింది.