మద్దమ్మ కూర్చున్న బండ

చిట్టి కథే చెబుతాను బంగారూ. నువ్వు రెండోసారి ఆవులించేలోపు అయిపోతుంది.

అనగనగా నాపరాళ్ళ గనుల పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక రాతిబడి. ఆ బడిలో ఒకే ఒక్క సారు, చిదంబరయ్య. పిల్లలు సున్నా.

కథ అంతే. కానీ బడి ఎట్లా కట్టారో చెప్పకపోతే నీకేం తెలుస్తుంది?

సున్నపురాయి కాల్చి, ఆ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి, ఎద్దు గానుగలో నూరి మూరన్నర మందం గోడలు కట్టారు. బెల్లం సగం గోడలోకి పోయింది, సగం గానుగ తోలే గుండ్లోళ్ళ తాత నోట్లోకి పోయింది. పైన నాపబండల కప్పు, దాని మీద చౌడుమట్టి. నడివేసవిలో కూడా లోపల కుండలో కూర్చున్నట్టు చల్లగా ఉండేది.

నేలకి ఇంటికొక బండ ఇచ్చారు. బండ మీద ఇంటిపేరు చెక్కించారు. ఏ ఇంటి పిల్లలు ఆ ఇంటి బండ మీదే కూర్చోవాలి. డెబ్బై ఏళ్ళు కూర్చుని కూర్చుని బండలకి నడుమ గుంటలు పడ్డాయి. చింతలోళ్ళ బండకి గుంట మరీ లోతు. వాళ్ళు ఒక్కో తరగతి మూడేళ్ళు చదివేవాళ్ళు.

ఆ తర్వాత పక్క ఊరి బడి నుంచి పసుపు బస్సు వచ్చింది. పిల్లలందరూ ఎక్కేశారు. సారు మాత్రం రోజూ గంట కొట్టేవాడు. బండల మీది పేర్లు వరసగా పిలిచేవాడు. "గుండ్లోళ్ళు!" అంటే గోడ కూడా "గుండ్లోళ్ళు" అనేది. వచ్చామని ఎవరూ అనేవాళ్ళు కాదు. మధ్యాహ్నం గుమ్మంలో సద్ది విప్పుకుని, సగం తిని, మూట కట్టేసేవాడు. ఇంట్లోనూ ఆయన ఒక్కడే.

అప్పుడు తనిఖీ అధికారి వచ్చాడు. "సోమవారానికి ఒక్కరైనా చేరకపోతే తాళం వేస్తాం. రాళ్ళు పీకి సున్నపు బట్టీకి ఇచ్చేస్తాం" అన్నాడు.

సారు చొక్కా ఇస్త్రీ చేసుకుని మూడిళ్ళకి వెళ్ళాడు.

మొదటి ఇంట్లో, "మావాడికి మెడలో టై లేకపోతే చదువెక్కదు సారూ" అన్నారు. టై ఉన్నా ఎక్కలేదు, అది వేరే సంగతి. రెండో ఇంట్లో టీ ఇచ్చి, వానల గురించి మాట్లాడి పంపేశారు. మూడో ఇల్లు ఆయన పాత శిష్యుడిది. "మీ దగ్గర చదివే కదా సారూ నేనిట్లా అయ్యింది!" అన్నాడు.

సోమవారం అధికారి తాళంకప్ప పట్టుకుని వచ్చాడు. అప్పుడు బడి ఊడ్చే మద్దమ్మ చీపురు గోడకి ఆనించి, "నన్ను రాసుకోండి" అంది. ఆమెకి డెబ్బై ఏడు.

అధికారి నిబంధనల పుస్తకం మూడుసార్లు తిప్పాడు. ఐదేళ్ళు నిండి ఉండాలని ఉంది. నిండాయి. రాసుకున్నాడు. "ఇక్కడ మిగిలింది ఒకటో తరగతి ఒక్కటే. పాసైతే పక్క ఊరికి పంపి, దీన్ని మూసేయాలి" అన్నాడు.

"నీ బండేది మద్దమ్మా?" అని అడిగాడు సారు.

ఈ బడి బండలన్నీ చెక్కింది మద్దమ్మ వాళ్ళ నాయనే. పనికోసం వేరే ఊరి నుంచి వచ్చినవాడు. ఊళ్ళో ఇల్లు లేదు కాబట్టి ఆయన పేర బండ లేదు, కూతురికి బడీ లేదు.

మద్దమ్మ సారు కుర్చీ కిందికి చూపించింది. "అదొక్కటీ మా నాయన పేరు చెక్కకుండా పరిచినాడు సారూ. నా కోసమని."

సారు కుర్చీ జరిపాడు. ఆ బండకి గుంట లేదు.

ఆ రోజు పేరు పిలిస్తే, "వచ్చినా సారూ" అని వినబడింది. సారు ముక్కు చీదుకున్నాడు. సున్నం దుమ్మన్నాడు. మధ్యాహ్నం సద్ది మిగల్లేదు.

దసరాకి ఆమెకి అక్షరాలు వచ్చేశాయి. మాఘమాసానికి ఊళ్ళో పెళ్ళిపత్రికలన్నీ ఆమే చదివిపెట్టేది. అచ్చుతప్పులు కూడా చెప్పేది.

ఆ తర్వాత పరీక్ష వచ్చింది. అధికారి ముందు సారు పలక మీద 'అ' రాసి, "ఇదేమిటి?" అన్నాడు.

మద్దమ్మ చాలాసేపు చూసింది. "ఎక్కడో చూసినట్టే ఉంది సారూ. గుర్తు రావడం లేదు."

సారు పలక తుడిచేశాడు.

మద్దమ్మ ఒకటో తరగతి తప్పింది. మరుసటేడూ తప్పింది. ఇప్పటికి ఐదుసార్లు.

కథేమో కంచికి,
పలకేమో సంచికి,
మనమేమో మంచానికి.