రవ్వ కాళ్ళకు తల్లి వేసిన ముడి

మంజీర ఒడ్డున, ఇసుక మేటలకు కాస్త ఎగువన, ఒక గుర్రాల మంద ఉండేది. అందులో కస్తూరి అనే ముసలి గుర్రం మాటకు విలువ ఎక్కువ. ఏ పిల్ల ఏ తల్లిది, ఎవరి మెడ ఎవరికి వచ్చింది, ఎవరి నడక ఎవరిది, అన్నీ దానికి నోటికే వచ్చు. తమ వంశంలో ఏడు తరాల పేర్లు పొద్దున్నే దేవుణ్ణి తలుచుకున్నట్టు తలుచుకునేది.

దాని కడసారి కాన్పు రవ్వ. ఇంకో పిల్లను కనే వయసు కాదు. అందుకే ఆ పిల్లను పెంచడం ఒక నోములా పట్టింది. మంచు ఆరనిదే గడ్డి ముట్టనిచ్చేది కాదు. గిట్టలు గట్టిపడాలని రోజూ ఇసుకలో నడిపించేది. తాను ఎండకు నిలబడి, తన నీడలో దాన్ని పడుకోబెట్టేది. ఏడాది తిరిగేసరికి రవ్వ పరుగు మొదలుపెడితే కొంగలు చేపల మాట మరిచిపోయి చూసేవి.

ఆ చుట్టుపక్కల తిరిగే తోడేలు మూడుసార్లు రవ్వ వెంటపడింది. మూడుసార్లూ దుమ్ము తిని వెనక్కి వచ్చింది.

"కాళ్ళతో కాని పని నోటితో చేద్దాం మామా," అంది నక్క. "నాకేమిస్తావు?"

"కాలేయం."

"తొడ కూడా."

"సరే, ఏడువు."

నక్క అప్పటికే ఒకటి కనిపెట్టింది. కస్తూరి రోజూ రవ్వ ఎడమకంటి కింద ఒక్కచోటే నాకుతోంది, అక్కడి వెంట్రుకలు అణిగిపోయేలా. గుర్రాలకు ఒంటిమీది వెంట్రుకల సుళ్ళ పట్టింపు ఎక్కువ. గొంతు కింద సుడి ఉంటే దేవమణి అని మురుస్తాయి. కంటి కింద ఉంటే కన్నీటి సుడి అంటాయి, ఆ పిల్ల తల్లిని ఏడిపిస్తుందని. ఆ మాట కస్తూరి ఎన్ని పిల్లల గురించో చెప్పింది. తన పిల్ల దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుని నాలుకతో దాచింది.

మర్నాడు నక్క నుదుట బూడిద పూసుకుని వచ్చింది.

"వదినా, పిల్ల కంట్లో నలక పడిందా?"

"లేదే."

"మరి అక్కడే నాకుతున్నావు."

కస్తూరి పిల్ల మొహాన్ని తన మెడ చాటుకు తిప్పుకుంది.

"నా దగ్గర దాపరికం ఎందుకులే. నేనెవరితోనూ అనను. మందకు తెలిసినా నిన్నేమీ చెయ్యరు. పిల్లనే తరిమేస్తారు."

"దీనికి శాంతి ఏమైనా ఉందా నక్కయ్యా?"

"లేకేం. తొమ్మిది రోజులు ముందుకాళ్ళకు బందం వేసి, ఏటికి అవతల, మంద కంటపడని చోట ఉంచాలి. కాళ్ళు కలిపి కట్టిన పిల్ల మీదికి కీడు రాదు. ముడి మాత్రం తల్లే వెయ్యాలి. వేరేవాళ్ళు వేస్తే ఫలం ఉండదు."

గట్టున మేస్తున్న గాడిద ఇదంతా విన్నది. నక్క వెళ్ళాక మెల్లగా దగ్గరికొచ్చింది.

"అక్కా, నాకు సుళ్ళు తెలీవు. బందం తెలుసు. పదేళ్ళు వేశారు నాకు. ఆ పదేళ్ళూ కుక్కపిల్ల తరిమినా పారిపోలేకపోయాను."

"బరువులు మోసేవాడివి, వంశం సంగతి నీకేం తెలుస్తుంది?"

"తెలీదు. మా అమ్మ పేరే తెలీదు. ఒక్కటి అడుగుతా. తోడేలు వస్తే రవ్వ సుడితో పరిగెత్తుతుందా, కాళ్ళతోనా?"

"అశుభం పలక్కు. గాడిదకేం తెలుసు గంధం వాసన అని ఊరికే అన్నారా?"

"గంధం వాసన తెలీదు గానీ, నక్క వాసన బాగా తెలుస్తోందక్కా," అని గాడిద తన దారిన పోయింది.

బందానికి తీగ నక్కే తెచ్చి ఇచ్చింది. ఏటికి అవతల కస్తూరి పళ్ళతో ముడి బిగించింది.

"నొప్పిగా ఉందమ్మా," అంది రవ్వ.

"తొమ్మిది రోజులేరా తండ్రీ. నీ మేలుకే."

"నేనేం తప్పు చేశాను?"

కస్తూరి ముడిని ఇంకోసారి లాగి చూసింది. వదులైతే ఫలం దక్కదేమోనని దాని భయం.

మూడోరోజు మధ్యాహ్నం పిల్లను చూసుకోవడానికి ఏరు దాటింది. అక్కడ పిల్ల లేదు. ఇసుకలో గుర్తులున్నాయి. రెండు ముందుగిట్టలూ పక్కపక్కనే, గెంతు వెంట గెంతు. ఏటివైపే వచ్చాయి, తల్లి ఉన్న వైపే. చాలా దూరం వచ్చాయి. నీళ్ళకు బారెడు దూరంలో ఆగిపోయాయి. అక్కడ నెత్తుటి మడుగులో తీగ పడి ఉంది. ముడి ఊడలేదు.

సాయంత్రం నక్క మూతి తుడుచుకుని పరామర్శకు వచ్చింది.

"పిల్లకు కన్నీటి సుడి ఉందని తల్లికి నేను చెప్పనే చెప్పాను. తొమ్మిది రోజులు నిండనివ్వలేదు, ఎంత చెడ్డ సుడో చూడండి," అంది మందంతా వినేలా. గుర్రాలు తలలూపాయి.

"సుడి కాదు," అంది కస్తూరి. "వాడు పరిగెత్తగలడు. నేనే పరిగెత్తనివ్వలేదు. కట్టమన్నది ఇదే, ఈ నక్కే."

"పాపం, కడుపుకోత. ఏం మాట్లాడుతోందో దానికే తెలీదు," అన్నాయి తక్కిన గుర్రాలు.

ఆ వెనకాల నుంచి కొత్తగా ఈనిన ఒక గుర్రం నక్క దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది: "అయ్యా, మా పిల్లకు మోకాలి పక్కన ఒక సుడి ఉంది. కాస్త చూస్తారా?"

"చూద్దాం తల్లీ, చూద్దాం," అంది నక్క. "ఏ సుడికైనా శాంతి ఉండకపోదు."

కీడు చెప్పిన నోటినే శాంతి అడిగేముందు, ఆ నోట్లో పళ్ళు చూసుకోవాలి.