కాలువగట్టు మీది పేరు

ఆ రాజ్యం ఏదో ఇప్పుడెవరికీ గుర్తులేదు గానీ, అక్కడో కాలువ మంచులో కలలాగా పారేది. దాన్ని తవ్వించిన పెద్దరాణికి గట్టుమీది రాతిలో పేరొక్కటే మిగిలింది.

తండ్రి పుట్టినచోట దీపం పెట్టడానికి ఆ గట్టుకొచ్చిన రాజు రాయి చూసి, శిల్పిని పిలిచాడు. "ఆడది కాలువ తవ్వించడమేంటి? నానమ్మ పేరు చెరిపి తాతగారి పేరు చెక్కు."

గడ్డి కోస్తున్న ఓబుళమ్మ కొడవలితోనే లేచొచ్చింది. "మీ నాన్నగారు పుట్టింది ఈ గట్టుమీదే కదా దొరా?"

"లోకమంతటికీ తెలుసు."

"మరి నిండు చూలాలు మీ నానమ్మగారు కోట వదిలి ఈ బురదలో ఏం చేస్తున్నట్టు?"

రాజు నీళ్ళవైపు తిరిగాడు. రోజూ ఓబుళమ్మకి మంచులో కనిపించే మనిషి, నడుం పట్టుకుని కూలీలను అదిలించే మనిషి, ఇవాళ ఆయనకీ కనిపించినట్టుంది.

"ఉలి దించు," అన్నాడు మెల్లగా.

"తెచ్చిన ఉలి ఊరికే పోనివ్వకండి దొరా," అంది ఓబుళమ్మ. "పేరు అరిగిపోయింది. కాస్త లోతుగా చెక్కించండి."